నెడగొల్ల ఇనుము: నూటికి ఆరు పాళ్లు

కిందటి వేసవిలో ఓ మధ్యాహ్నం మా వీధి కుర్రాడొకడు గోనెసంచిలో ఏదో మోసుకొచ్చి అరుగు మీద దబ్బున దించాడు. నల్లగా, ఎగుడుదిగుడుగా, కొబ్బరికాయంత రాయి. "ఇదేటో సూడండి మేస్టారూ. మా తాత గట్టు సదును సేస్తంటే దొరికింది. సుక్క రాయేటి?" అన్నాడు. పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం నా బల్ల సొరుగులో ఎప్పుడూ ఉంటుంది. తెచ్చి ఆనిస్తే రెండు చోట్ల గట్టిగా పట్టుకుంది, మిగతా చోట్ల జారిపోయింది. కుర్రాడి మొహం వెలిగిపోయింది. తిరగేసి చూశాం. అడుగునంతా గుల్లలు గుల్లలుగా, బుడగలు చిట్లి ఆరిపోయినట్టు చిల్లులు. ఒక మూల నల్లగాజులా మెరుపు. చుక్క రాయి (ఉల్క) కాదు, ఇనుప చిట్టెం. ఏ కాలంలోనో ఏ కమ్మరి కొలిమిలోనో ఇనుము కాచినప్పుడు మిగిలిన మడ్డి.

"అయితే మన పక్క సుక్క రాయి ఎప్పుడూ పడ్నేదేటి?" అన్నాడు దిగాలుగా.

పడింది. మా నరసన్నపేట నుంచి మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే సుమారు 65 కిలోమీటర్ల దూరంలో పడింది. అదీ మామూలు రాయి కాదు, అచ్చంగా ఇనుము, నికెల్ కలిసిన లోహపు ముద్ద.

1870 జనవరి 23, ఆదివారం. సంక్రాంతి సందడి సద్దుమణిగిన రోజులు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, పార్వతీపురం దాపుల ఒక పల్లెలో అది నేలకు దిగింది. బరువు సుమారు 4.6 కిలోలు. ఉల్కకు పడిన ఊరి పేరే పెట్టడం ఆనవాయితీ కాబట్టి శాస్త్రవేత్తల కేటలాగుల్లో దాని పేరు 'నెడగొల్ల'. జాడ 18 డిగ్రీల 41 నిమిషాల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల 29 నిమిషాల తూర్పు రేఖాంశం. ఆ ఇంగ్లీషు అక్షరాలను మన నోటితో పలికి చూస్తే నాకు మాత్రం సీతానగరం వైపున్న నిడగల్లే వినిపిస్తుంది. దొరల చెవికి మన ఊళ్ల పేర్లు ఎలా వినపడేవో సిక్కోలును 'చికకోల్' అని రాసుకున్నప్పుడే తెలిసిపోయింది కదా.

ముద్ద పడిన చోటు అక్కడే ఉంది గాని జిల్లాలు మాత్రం దాని మీదుగా నడిచి వెళ్లాయి. పడిన నాడు విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే పార్వతీపురం ప్రాంతం అందులోకి వచ్చింది. 1979లో విజయనగరం జిల్లా పుట్టి దాన్ని తీసుకుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఆ నాలుగో జిల్లా పుట్టిన ఏడాదే ఈ ముద్ద పేరు మళ్లీ శాస్త్ర పత్రికలకు ఎక్కింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఆకాశంలోంచి పడేవాటిలో ఎక్కువ భాగం రాళ్లే. 1852లో నెల్లూరు దగ్గర యాటూరులో పడింది కూడా రాతి ఉల్కే. పడుతుండగా జనం చూసి, వెతికి, ఏరి, భద్రపరిచిన ఉల్కలు ప్రపంచమంతా కలిపి 1,200 చిల్లర. వాటిలో ఇనుప ముద్దలు సుమారు 50. అంటే వందకు నాలుగు. ఆ కొద్దిపాటి ఇనుప వర్షంలో ఒక చినుకు మన ఉత్తరాంధ్ర మీద పడింది. బొబ్బిలి యుద్ధం జరిగిన ఏడాది 1757 అని ఈ చుట్టుపక్కల బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ బొబ్బిలికి దగ్గర్లోనే దిగిన ఈ ముద్ద సంగతి నాకు మాత్రం యాభయ్యో ఏట తెలిసింది.

4.6 కిలోలంటే ఎంత ఉంటుందో ఊహించుకోవాలంటే సాంద్రత కావాలి. తక్కువ నికెల్ ఉన్న ఇలాంటి ఇనుము ఘన సెంటీమీటరుకు సుమారు 7.9 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన ముద్ద ఆక్రమించే చోటు 580 మిల్లీలీటర్లు. అర లీటరు పాల ప్యాకెట్ కంటే ఒక గరిటెడు ఎక్కువ. గుండ్రంగా చేస్తే అడ్డుకొలత పది సెంటీమీటర్ల పైచిలుకు, ఒలిచిన కొబ్బరికాయంత. అదే పరిమాణంలో టెక్కలి నీలి గ్రానైటు ముక్క తీసుకుంటే కిలో ఆరువందల గ్రాములకు మించదు. కొబ్బరికాయంత వస్తువు ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేసినట్టుంటుంది. ఉల్కల పని చేసేవాళ్లు మొట్టమొదట నమ్మేది ఆ చేతి బరువునే.

అంతరిక్షంలోంచి వచ్చేది ఏదైనా మన గాలిలోకి అడుగుపెట్టేటప్పుడు దాని వేగం సెకనుకు కనీసం 11 కిలోమీటర్లు. నరసన్నపేటలో బస్సెక్కి శ్రీకాకుళంలో దిగినంత దూరం రెండు సెకన్ల పని. కానీ ఇంత చిన్న ముద్దను గాలి నిలదొక్కుకోనివ్వదు. పై పొర కరిగి ఎగిరిపోతుంది, వేగం చచ్చిపోతుంది. చివరి కొన్ని కిలోమీటర్లు అది కొండ మీంచి జారిన రాయిలా ఉత్త బరువుతో పడుతుంది. కొబ్బరికాయంత ఇనుప గుండుకు నేను వేసిన లెక్కలో నేలను తాకేటప్పటి వేగం సెకనుకు వంద మీటర్ల దరిదాపు. ఎగిరిపోయేది పై పొర కాబట్టి వేడి లోపలిదాకా పాకే వ్యవధే ఉండదు. మిల్లీమీటర్ల లోతు దాటితే లోపలి లోహం అంతరిక్షంలో ఎలా ఉండేదో అలాగే ఉంటుంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇక నికెల్. నెడగొల్ల ముద్దలో అది నూటికి సుమారు ఆరు పాళ్లు. మొత్తం మీద 276 గ్రాములు. 1962లో వచ్చిన పాత రూపాయి బిళ్ల ఎవరింట్లోనైనా ఉంటే తీసి చూడండి. అది అచ్చమైన నికెల్, బరువు 10 గ్రాములు. అయస్కాంతానికి ఠక్కున అంటుకుంటుంది. ఆకాశం నుంచి పార్వతీపురం పక్కన రాలిన నికెల్ అలాంటి బిళ్లలు ఇరవై ఏడున్నరకు సరిపోతుంది.

ఆరు పాళ్లే కదా అనుకోవద్దు. భూమి పైపొరలో ఇనుము ఎక్కడైనా దొరుకుతుంది గాని లోహంగా దొరకడం చాలా అరుదు, తుప్పుగా, రాయిగా దొరుకుతుంది. కొలిమిలో మనం తీసిన మామూలు ఇనుములో నికెల్ దాదాపు ఉండదు. ఉల్క ఇనుములో మాత్రం అయిదు పాళ్ల కంటే తక్కువ ఉండటం అరుదు. అందుకే అనుమానం వచ్చిన ముక్క మీద ప్రయోగశాలలో ముందు చూసేది నికెల్ ఉందా లేదా అనే. ఆమ్లంతో కొద్దిగా కరిగించి, అమ్మోనియా కలిపి, డైమిథైల్ గ్లయాక్సైమ్ చుక్క వేస్తే నికెల్ ఉన్నచోట కుంకుమనీళ్ల రంగు తేలుతుంది.

నికెల్ ఇనుములో కలిసినప్పుడు అణువులు రెండు రకాలుగా సర్దుకుంటాయి. ఆ రెండు సర్దుబాట్లకూ ఖనిజాలుగా రెండు పేర్లున్నాయి, రెండూ 1861లో జర్మన్ రసాయనవేత్త రైకెన్‌బాఖ్ పెట్టినవే. ఒకటి కామసైట్. నికెల్ ఏడున్నర పాళ్ల లోపు ఉన్న మిశ్రమం. పెట్టె ఎనిమిది మూలల్లో ఎనిమిది అణువులు, నడిబొడ్డున ఒకటి. ప్రతి అణువుకూ ఇరుగుపొరుగు ఎనిమిది మంది. చోటులో 68 శాతం నిండుతుంది. రెండోది టీనైట్. నికెల్ ఇరవై పాళ్ల నుంచి అరవై అయిదు దాకా ఉంటుంది. దీని సర్దుబాటు మన బజార్లో బత్తాయిలు గోపురంలా పేర్చినట్టే. ప్రతి కాయనూ పన్నెండు కాయలు తాకుతాయి, 74 శాతం చోటు నిండుతుంది. ఏడున్నరకూ ఇరవైకీ మధ్య పాళ్లున్న ముద్ద ఒకే ఖనిజంగా నిలవదు. నిదానంగా చల్లారితే రెండూ విడివిడిగా పక్కపక్కనే సర్దుకుంటాయి.

ఇదంతా అంతరిక్షపు గొడవ అనిపిస్తే వంటింట్లోకి రండి. స్టీలు గ్లాసు '18/8' రకమైతే అందులో క్రోమియం 18 పాళ్లు, నికెల్ 8 పాళ్లు. నెడగొల్ల ముద్ద కంటే గ్లాసులోనే నికెల్ ఎక్కువ. కానీ ముద్ద అయస్కాంతానికి అంటుకుంటుంది, గ్లాసు అంటుకోదు. క్రోమియం, నికెల్ కలిసి గ్లాసులోని ఇనుమును బత్తాయిల గోపురం నుంచి దిగనివ్వవు. ఆ సర్దుబాటులో ఉన్న స్టీలును మామూలు వేడిలో అయస్కాంతం లాగదు. మా ఇంట్లో గ్లాసులన్నీ వరసపెట్టి పరీక్షించాను (ఆ పూట కాఫీ ఆలస్యమైంది). నాలుగు అంటుకోలేదు. రెండు పూర్తిగా అతుక్కున్నాయి, అవి నికెల్ లేని చవక రకం. ఒక్క గ్లాసు మాత్రం ఒళ్లంతా ఊరుకుని, మడిచిన అంచు దగ్గర మెల్లగా లాగింది. రేకును నొక్కి, సాగదీసి, మడిచిన చోట కొన్ని అణువులు గోపురం దిగి ఎనిమిది పొరుగుల ఇంటికి మారిపోతాయి. అచ్చు మిల్లు చేసిన ఆ మార్పును ఇంట్లో కూర్చుని వేళ్లతో తాకినట్టు తెలుసుకోవచ్చు.

ఇక చల్లారడం. నా దృష్టిలో ఈ కథంతా అక్కడే ఉంది.

నికెల్ ఇనుప ముద్ద 900 డిగ్రీలు దాటి వేడిగా ఉన్నంతసేపూ అంతా టీనైటే. చల్లారేకొద్దీ అందులో కామసైట్ పలకలు పుట్టి, నికెల్‌ను పక్కకు నెట్టుకుంటూ పెరుగుతాయి. ఘన లోహంలో అణువు అణువును దాటి పోవాలి కాబట్టి ఆ పెరుగుదల నత్తనడక. పటికబెల్లం చేసేవాళ్లకు ఇది తెలుసు. పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పెద్ద పెద్ద పలుకులు కడతాయి, గబగబా చల్లారిస్తే ఉత్త చక్కెర రవ్వ మిగులుతుంది. గ్రహశకలాల నడిబొడ్డున, మందమైన రాతి దుప్పటి కింద, ఇనుము పది లక్షల ఏళ్లకు కొన్ని పదుల నుంచి కొన్ని వేల డిగ్రీల చొప్పున చల్లారింది. అలాంటి ముద్దను కోసి, నునుపు చేసి, ఆమ్లం పూస్తే వెదురు తడికలా అడ్డదిడ్డంగా అల్లుకున్న పట్టీలు బయటపడతాయి. 1808లో వియన్నాలో విడ్‌మన్‌స్టేటన్ చూశాడని ఆయన పేరే పెట్టారు, ఆయన కంటే నాలుగేళ్ల ముందే నేపుల్స్‌లో విలియం థామ్సన్ చూసినా సరే. ఆ అల్లికను ఏ ఫ్యాక్టరీ చెయ్యలేదు. లక్షల ఏళ్లు కాచుకోగల మేస్త్రి ఎక్కడ దొరుకుతాడు?

నెడగొల్లలో ఆ తడిక లేదు.

అదొక్కటే కాదు, ఇంకో రకంగానూ అది శాస్త్రవేత్తలను చాలా ఏళ్లు ఇబ్బంది పెట్టింది. ఇనుప ఉల్కల్ని గుంపులుగా విడదీసే పద్ధతి ఉంది. ఒక గుంపువన్నీ ఒకే గ్రహశకలం ముక్కలు అని అర్థం. నెడగొల్ల ఏ గుంపులోనూ ఇమడలేదు. 1970లో కాలిఫోర్నియాలో వై, వాసన్ అనే ఇద్దరు దీని లోహంలోనే సిలికాన్ కరిగి ఉందని చూపించారు. సిలికాన్ సాధారణంగా ఆక్సిజన్‌ను పట్టుకుని రాతిలోకి పోతుంది. లోహంలో మిగిలిందంటే అది పుట్టిన చోట ఆక్సిజన్‌కు కరువని లెక్క. 1974లో మియాకే, గోల్డ్‌స్టీన్ ఇంకో అడుగు వేశారు. ఈ ఇనుము ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరిగిందనీ, రెండోసారి త్వరత్వరగా చల్లారిందనీ వాళ్లు తేల్చారు. మన గాలిలో దూసుకొచ్చినప్పటి వేడికి కాదు, ఆ వేడి మిల్లీమీటర్ల లోతు దాటదని పైన చెప్పుకున్నాం. పడకముందే, ఎక్కడో పైన, ఏదో దాన్ని కరిగించింది.

ఏది కరిగించిందో 2022లో జర్మనీ శాస్త్రవేత్తలు స్పిట్జర్, బుర్కార్ట్, పాపే, క్లైన చేసిన పనితో తెలిసింది. సౌరకుటుంబపు తొలి పదార్థం రెండు పాయలుగా ఉండేదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. సూర్యుడికి దగ్గరి పాయ ఒకటి, గురుగ్రహానికి అవతలి కార్బన్ రకం పాయ ఇంకొకటి. మాలిబ్డినం, రుథేనియం, నికెల్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) పాళ్లు చూసి ఏ ఉల్క ఏ పాయదో చెప్పొచ్చు. యాస వింటే సిక్కోలు మనిషో గోదావరి మనిషో తెలిసినట్టే. అప్పటిదాకా కొలిచిన ఉల్కలు అయితే ఇటు, కాకపోతే అటు. నెడగొల్ల మూడు మూలకాల్లోనూ రెండింటి నడుమ నిలబడింది. అలా మొత్తంగా నడుమ తేలిన మొదటి ఉల్క ఇదే.

ఎప్పుడు కలిసిందో చెప్పే గడియారం కూడా అందులోనే ఉంది. హాఫ్నియం-182 అనే ఐసోటోపు 89 లక్షల ఏళ్లకు సగం చొప్పున టంగ్‌స్టన్‌గా మారిపోతుంది. హాఫ్నియం రాతిలో ఉండిపోతుంది, టంగ్‌స్టన్ ఇనుముతో పోతుంది. కాబట్టి ఇనుము రాతిని ఎప్పుడు విడిచిందో ఆ టంగ్‌స్టన్ పాళ్లు చెబుతాయి. లెక్క తేలింది: సౌరకుటుంబం మొదలైన 70 లక్షల ఏళ్లు దాటాక. మొదలై 456 కోట్ల ఏళ్లయింది కాబట్టి ఇదంతా పురిటి రోజుల సంగతే. గురుగ్రహం పెరిగి పెద్దదై చుట్టూ ఉన్నవాటిని చెదరగొట్టినప్పుడు అవతలి పాయ గ్రహశకలం ఒకటి ఇవతలికి వచ్చి, ఇవతలిదాన్ని గుద్దింది. రెండింటి ఇనుప గుండెలూ కరిగి కలిశాయి. గుద్ది ఆగకుండా వెళ్లిపోయిన రకం ప్రమాదమై ఉండొచ్చని వాళ్ల ఊహ, మన హైవే మీద లారీలు చేసే పని లాంటిది. అప్పుడు కరిగి, చల్లారి, కోట్ల ఏళ్లు తిరిగిన ముద్ద తాలూకు ఒక చెక్క పార్వతీపురం పొలాలకు చేరింది.

భూమిలో ఇలాంటి మిశ్రమం లేదా అంటే కొండంత ఉంది, అందదు. భూమి నడిగుండె ఇనుమే, అందులో నికెల్ నూటికి సుమారు అయిదు. కాళ్ల కింద 2,900 కిలోమీటర్ల లోతు. నరసన్నపేట నుంచి ఢిల్లీ తిన్నగా 1,300 కిలోమీటర్ల చిల్లర, దానికి రెండింతలు దాటి తవ్వాలి. మనిషి తవ్విన అత్యంత లోతైన బోరు, రష్యాలోని కోలా బోరు, 12 కిలోమీటర్ల చిల్లర దగ్గరే ఆగిపోయింది.

పైన దొరికేది మాత్రం వేరే పాళ్లలో ఉంటుంది. 1885లో న్యూజిలాండ్‌లో అవారువా తీరం దగ్గర దొరికిన లోహపు రేణువులను విలియం స్కీ పరీక్షించి అవారుయిట్ అన్నాడు. ఒక ఇనుము అణువుకు రెండు మూడు నికెల్ అణువులు, బరువులో నికెల్ 75 పాళ్ల వరకు. ఆలివీన్ నిండిన రాయి నీళ్లు తాగి సర్పెంటైన్‌గా మారేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అది రాతిలోని నికెల్‌ను ఉన్నచోటే లోహంగా మార్చేస్తుంది. కెనడాలో బాప్టిస్ట్ అనే చోట ఈ రేణువుల కోసమే గని పెట్టాలని చూస్తున్నారు. అయస్కాంతంతో ఏరుకోవచ్చు, గంధకపు పొగ ఉండదు. మన ఖొండలైట్ కొండల్లో దాని కోసం వెతకడం వృథా, మన బండలు ఆ జాతివి కావు. దేశంలోని నికెల్ వనరుల్లో 90 శాతం పైగా పొరుగున ఒడిశాలోనే, సుకిందా లోయ ఎర్రమట్టిలో ఉంది, అది లోహంగా కాదు, ఆక్సైడ్‌గా.

మన తీరానికి తగిలే నికెల్ ఇనుము ఇంకొకటుంది, టెట్రాటీనైట్. సగం ఇనుము, సగం నికెల్, ఒక పొర ఇది ఒక పొర అది. ఉల్కల్లో 320 డిగ్రీల కంటే కిందికి చల్లారాక లక్షల ఏళ్లకు ఆ వరస కుదురుతుంది. బలమైన శాశ్వత అయస్కాంతంగా పనికొస్తుంది కాబట్టి దీన్ని ప్రయోగశాలలో త్వరగా చెయ్యాలని ప్రయత్నాలు సాగుతున్నాయి. అది కుదిరితే అయస్కాంతాలకు నియోడిమియం అవసరం తగ్గుతుంది. ఆ నియోడిమియం ఉండే మోనజైట్ మన శ్రీకాకుళం తీరపు నల్ల ఇసుకలో ఉంది.

కుర్రాడి చిట్టెం సంగతి తేల్చాలి కదా. చేపల బజారు నుంచి స్ప్రింగు కాటా తెచ్చి, సంచిలో కట్టి తూచాం: 2 కిలోల 100 గ్రాములు. బకెట్టు నీళ్లలో ముంచి తూస్తే 1 కిలో 450. తేడా 650. మొదటిదాన్ని తేడాతో భాగించాడు వాడే: మూడుంబావు కంటే ఓ పిసరు తక్కువ. లోహమైతే ఏడు దాటాలి. గరివిడి, చీపురుపల్లి వైపు దొరికే మాంగనీసు రాయి కూడా నల్లగా, బరువుగా ఉండి చాలామందిని మోసం చేస్తుంది, దాని సాంద్రతా అయిదు దాటడం అరుదు, పైగా అయస్కాంతం ఊరుకుంటుంది. ఏడు దాటి, అయస్కాంతం ఒళ్లంతా గట్టిగా పట్టి, చిల్లులు లేకుండా, పైన బొటనవేలితో నొక్కిన మైదా ముద్దలా గుంటలుంటే అప్పుడు ఆగాలి. కడగొద్దు, కాల్చొద్దు, కమ్మరి దగ్గర కొయ్యించొద్దు. మన ఉప్పుగాలికి నికెల్ ఇనుము కూడా తుప్పు పడుతుంది, పొడి గుడ్డలో చుట్టి గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. దొరికిన చోటు ఫోనులో గుర్తు పెట్టుకుని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ) వాళ్లకు కబురు చెయ్యాలి. దేశంలో ఉల్కల్ని భద్రపరిచే బాధ్యత వాళ్లది.

"మూడుంబావు" అని వాడు రెండుసార్లు అనుకుని, కాటా తిరిగిచ్చేసి రావడానికి బజారు వైపు పోయాడు. చిట్టెం ముక్క మా అరుగు మీదే ఉంది. అయస్కాంతం మాత్రం వాడి జేబులో వెళ్లిపోయింది.